గూడు కాదు, కూడు

ఇందుజకు కోపం ముక్కు మీదే ఉంటుందని పోదనూరులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. వింత ఏమిటంటే ఆమె చేసే ఉద్యోగం రక్తం తీయడం. కోయంబత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పొద్దున్నుంచీ జనం చేతులు చాపుతూనే ఉంటారు, ఆమె సూది గుచ్చుతూనే ఉంటుంది. ఆమె చేతికి పసిబిడ్డలు కూడా ఏడవరు. దేవుడు మెత్తదనమంతా చేతికే ఖర్చు పెట్టేసి నోటికి ఏమీ మిగల్చలేదని మొగుడు జెబరాజ్ అంటాడు. అనేసి రెండడుగులు వెనక్కి వేస్తాడు.

ఆదివారం సాయంత్రాలు ఆ నోటికి చేతినిండా పని. పోదనూరు స్టేషను దగ్గర బేకరీలో, టీ గ్లాసుల ముందు, లూప్ లైన్ అభిమానులు కూడతారు. లూప్ లైన్ అంటే పెద్ద బండ్లకు దారి వదలడానికి చిన్న బండ్లను పక్కకు తప్పించి నిలబెట్టే పట్టా. రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలు బ్యాండు పెట్టుకుని దానికి ఆ పేరు పెట్టారు. పాడేది విమల్. వాళ్ళది ఆల్టర్నేటివ్ రాక్. అదేమిటని ఇందుజ తల్లి అమరావతి ఒకసారి అడిగి, విమల్ చెప్పిందంతా ఓపిగ్గా విని, "అంటే గిటారుకు జలుబు చేస్తే, పాడేవానికి కోపం వస్తే అదా?" అంది. అంతకన్నా బాగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

పాటలు ఎక్కువగా తమిళంలోనే. మొదటి ఆల్బంలో మాత్రం ఒక్కటి ఇంటి తెలుగులో ఉంది. తరతరాలుగా ఇక్కడే ఉండిపోయి, తమిళ బళ్ళలో చదివి, ఒక్క తెలుగు అక్షరం రాకపోయినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే జనానికి ఆ ఒక్క పాట చాలు, ఆ బ్యాండును నెత్తిన పెట్టుకోవడానికి.

ఆ ఆదివారం కూడా గొడవ ఎప్పటిలాగే మొదలైంది. మదురైలో బట్టల కొట్టు నడిపే శరవణకుమార్ సరుకు కోసం వచ్చి, సరుకు సంగతి మరచి బేకరీలో తిష్ట వేశాడు. బ్యాండు ఎక్కడ వాయించినా అక్కడ తేలతాడు. షోలన్నీ ఫోనులో పట్టి పెట్టుకున్నాడు. అతని దృష్టిలో విమల్ తుమ్మినా దానికొక లోతైన అర్థం ఉంటుంది.

"మొదటి ఆల్బం కాడ్నే వాళ్ళు నిలిచిపోయిరి," అంది ఇందుజ. "రెండోదీ పరవాలేదు అనుకో. ఇంక చేసేదంతా సుమ్మా, ఊరికే చక్కెర పాకం."

"నువ్వు చెవులు మూసుకొని వింటుండావక్కా," అన్నాడు శరవణకుమార్. "మొదటి ఆల్బంలో గిటారు ఏడ ఉండాది, డ్రమ్ము ఏడ ఉండాది? రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటుండాయి."

"కొట్టుకునేదాన్నే రాక్ అంటారు. వద్దంటే పోయి కచేరీ విను."

"నేను చెప్పేది వినండి," జెబరాజ్ మధ్యలో దూరాడు. అతను కార్లకు, లారీలకు వైరింగు చేసే ఎలక్ట్రీషియను. వైరు తెగితే ఊరుకోలేడు, సద్దు తెగినా ఊరుకోలేడు. "షోలో ఏముండాది? మాట వినపడదు, మైకు కీచుమంటుంది. ఇంట్లో హెడ్‌ఫోను పెట్టుకొని వినల్ల."

ఇందుజ ఒంటికాలి మీద లేచింది. షోలు కూడదన్నవాణ్ణి ఆమె మొగుడైనా క్షమించదు. మదురైలో ఒక కాలేజీ షోలో కరెంటు పోతే, డ్రమ్ములవాడు ప్లాస్టిక్ కుర్చీ తిరగేసి వాయించగా, విమల్ గొంతు చించుకుని పాడగా, జనం సెల్‌ఫోన్ల లైట్లు ఎత్తి నిలబడ్డ సంగతి మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఆ షోలో విమల్ ఏడ్చాడా, కంట్లో చెమట పడిందా అన్నది ఈ గుంపులో ఎప్పటికీ తెగని వ్యాజ్యం. ఏడ్చాడని ఇందుజ, చెమటేనని జెబరాజ్, రెండూ కలిసి కారాయని శరవణకుమార్. బేకరీవాడికి కూడా ఇదంతా కంఠతా వచ్చు.

"సరి సరి, ఇది వినండి," అన్నాడు శరవణకుమార్ గెలిచినవాడిలా. "మూడో ఆల్బం ఈ పొద్దే వచ్చింది. హైదరాబాదు కంపెనీ. పేరు 'గూడు'. మన తెలుగు పాటనే మళ్ళీ కొత్తగా చేసిరి. సెమ పాట అక్కా, అదిరిపోయె. నేను పొద్దుట్నుంచీ వింటానే ఉండాను."

చిన్న స్పీకరు తీసి బల్ల మీద పెట్టాడు. మొదట వయొలిన్లు వచ్చాయి. లూప్ లైన్ పాటలో వయొలిన్లు! ఇందుజ మొహం చిట్లించింది. తరువాత విమల్ గొంతు, చక్కగా ఇస్త్రీ చేసి మడతపెట్టిన గొంతు. చివరికి, ఎవరో ఆడమనిషి తేనెలో ముంచి తీసినట్టు పాడింది.

గూటికి రావా, నా దొరా, గూటికి రావా.

ఇందుజ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"విన్నావా?" శరవణకుమార్ కళ్ళు మెరుస్తున్నాయి. "మొదటి ఆల్బంలో కూడు, మూడో ఆల్బంలో గూడు. ఆకలి కాడ మొదలయి ఇంటికాడికి వచ్చిరి. ఎంత పెద్ద ఆలోచన! విమల్ ఒక్కడే ఇట్ల ఆలోచించగలడు."

"ఆలోచన గాదురా అది," అంది ఇందుజ. ఆమె గొంతు అంత నెమ్మదిగా రావడం చూసి జెబరాజ్ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. "పొరబాటు. పాటలో ఉండేది కూడు. కూడు తింటివా. దాంట్లో దొర ఏడ్నుంచి వచ్చె? ఎవురిది ఆ గొంతు? మా అమ్మ గొంతు ఏడ?"

టీ తాగకుండానే ఆమె లేచి వెళ్ళిపోయింది.

ఆ పాట ఎక్కడినుంచి వచ్చిందో కాలనీలో తెలియనివాళ్ళు లేరు. ఇందుజ తండ్రి ఆరోగ్యసామి రైల్వేలో పట్టాల మీద పనిచేసే గ్యాంగ్‌మన్. ఇందుజ తొమ్మిదో తరగతిలో ఉండగా మదురై వైపు బదిలీ చేయించుకుని వెళ్ళాడు. బదిలీ ఎందుకో తరువాత తెలిసింది. ఆండిపట్టిలో ఇంకొక ఆమెతో కాపురం పెట్టాడు. క్వార్టర్సు ఖాళీ చేయమన్నారు. అమరావతి కూతుర్ని తీసుకుని లైను ఇంట్లోకి మారింది. గోడకు గోడ ఆనుకుని వరుసగా ఉండే ఇళ్ళవి, ఇక్కడ దగ్గితే అక్కడ వినబడుతుంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే పని చూసుకుంది. కానీ దగ్గు కూడా దాగని ఆ వరుసలో ఎవరూ ఆమె ఏడుపు వినలేదు.

ఆరోగ్యసామి అప్పుడప్పుడూ ఫోను చేసేవాడు. అమరావతి ఫోను ఎత్తి ఒకే మాట అడిగేది. "కూడు తింటివా?" అటునుంచి "తింటిని" అని వినబడగానే "సరి" అని ఫోను కూతురి చేతికిచ్చి పనిలో పడేది. ఎందుకు పోయావని అడగలేదు. ఎప్పుడొస్తావని అడగలేదు. రా అనలేదు. ఆ ఒక్క మాటను పట్టుకుని, ఇంకా ప్రేమ ఉందే అని కరిగిపోయినవాళ్ళున్నారు. ఇందుజకు అలా అన్నవాళ్ళను చూస్తే ఒళ్ళు మండేది. తన తల్లి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చేవాణ్ణి కూడా అదే అడుగుతుంది. ఓటరు చీటీలు పంచేవాణ్ణి అడుగుతుంది. ఎవరైనా గడప ముందు నిలబడితే అడుగుతుంది. మొగుణ్ణి తీసుకెళ్ళి ఆ వరుసలో నిలబెట్టింది, అంతే. అంతకన్నా పెద్ద శిక్ష ఇంకెవరు వేయగలరని ఇందుజకు గొప్పగా ఉండేది.

విమల్ పక్కింటి పిల్లవాడు. వాళ్ళమ్మ షిఫ్టులో ఉన్నప్పుడల్లా ఇందుజ ఇంట్లోనే తినేవాడు. ఆ ఫోన్లు విన్నాడు. పెద్దయ్యాక దాన్ని పాట చేశాడు. పాట చివర అమరావతి గొంతే రికార్డు చేసి పెట్టాడు. "నా మాటలో ఏముండాదిరా పాట చేసేదానికి?" అని ఆమె నవ్వింది కానీ, వద్దనలేదు. గిటార్ల రొద అంతా ఒక్కసారి ఆగిపోయి, ఖాళీలో నుంచి పొడిగా, కొంచెం విసుగ్గా, "కూడు తింటివా?" అని వినబడేది. షోలలో అది వచ్చినప్పుడు వేలమంది ఊపిరి బిగబట్టడం ఇందుజ చూసింది. అది తన తల్లి గౌరవం అని ఆమె లెక్క.

ఇప్పుడు అదే పాటలో అదే తల్లి, దొరా రావా అని బతిమాలుతోంది.

కొత్త పాట రెండు రోజుల్లోనే దావానలంలా పాకింది. బస్సుల్లో, పెళ్ళి వీడియోల్లో, ఆసుపత్రిలో రక్తం ఇవ్వడానికి కూర్చున్నవాళ్ళ ఫోన్లలో, ఎక్కడ చూసినా గూటికి రావా. పెళ్ళయ్యాక కూడా ఇందుజ, జెబరాజ్ అమరావతి దగ్గరే, ఆ లైను ఇంట్లోనే ఉంటున్నారు. మంగళవారం సాయంత్రం ఇందుజ ఇంటికి వచ్చేసరికి పొన్ను వాకిట్లోనే కాచుకుని ఉంది. పొన్నుది లైనులో నాలుగో ఇల్లు. ఎవరి పుండు ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు, కారం ఎప్పుడూ కొంగున కట్టుకునే ఉంటుంది.

"పోనీలే ఇందూ, మీ అమ్మ మనసు కరిగె గదా," అంది పొన్ను. "ఎంత పట్టుగా ఉండె. ఆడదానికి ఎన్నేండ్లు పట్టు ఉంటుంది చెప్పు? పాటలో అంత ఏడుస్తుంటే నాకే కండ్లలో నీళ్ళు వచ్చె."

"అది మా అమ్మ గొంతు గాదు. ఆ మాట మా అమ్మది గాదు."

"పాట మాత్రం ఆమెదే గదమ్మా. కాలనీకి తెలవదా?"

ఆ మాటకు ఇందుజకు అన్నిటికన్నా ఎక్కువ మండింది. నిజమే, కాలనీకి తెలుసు. తెలుసు కాబట్టే ఇంత అవమానం. ఊరు పేరు తెలియనివాళ్ళు ఏమనుకుంటే ఏమి? ఈ వరుసలో అందరి ముందూ తలెత్తుకు తిరిగిన మనిషిని, ఇంట్లో తిని పెరిగినవాడే ఇలా మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. అమరావతి దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. ఇందుజ ఎన్నాళ్ళు దాచగలదు?

మర్నాడు డ్యూటీ కాగానే ఇందుజ తిన్నగా విమల్ దగ్గరకు పోయింది. మోటార్లకు వైండింగు చేసే కొట్టు మీద మేడగది వాళ్ళ రిహార్సలు చోటు. ఆ శనివారమే కోయంబత్తూరులో కొత్త ఆల్బం షో ఉంది. ఆమెను చూడగానే విమల్ గిటారు పక్కన పెట్టి, "రా అక్కా, పాట వింటివా?" అన్నాడు చిరునవ్వుతో. ఆ చిరునవ్వు చూసి ఆమెకు కోపం నెత్తికెక్కింది.

"వింటిని. మా అమ్మ ఎప్పుడురా ఆయన్ని దొరా అని పిలిచె?"

విమల్ నీళ్ళు నమిలాడు. "అది... నేను పెట్టింది గాదక్కా. హైదరాబాదులో ఒకాయన మాటలు సరిచేసి ఇచ్చినాడు. వాళ్ళు పాట మాటలు రాసి పంపమనిరి. నాకు తెలుగు రాసేది ఏడ వస్తుంది? అరవంలో రాసి పంపిస్తిని."

ఇందుజకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం.

"ఆడ స్టూడియోలో ఎవురో అరవం తెలిసినోడు ఉండె," విమల్ నేల చూస్తూ చెప్పాడు. "కూడు అనేది చూసి పక్షి గూడు అన్నాడంట. కడాన ఉండే 'వా' చూసి, అరవంలో వా అంటే రా గదా, రమ్మని పిలిచేదన్నాడంట. గూడు, వా. దాన్ని పట్టుకొని ఆయన గూటికి రావా అని రాసె. దొర అనేది ఆయనే కలిపె."

"పాడేది నువ్వే గదరా! నోటికి తెలవలేదా?"

"తెలిసె."

"మరి?"

విమల్ అప్పుడు తలెత్తాడు. అతని కళ్ళల్లోనూ కోపం ఉంది. "నేను చెప్తినక్కా, ఇది కూడు అని చెప్తిని. గదిలో అందరూ నవ్విరి. ఆడ కూడు అంటే మోటు మాటంట. పిండాకూడు అని చచ్చినోళ్ళకు పెట్టేదంట. తింటివా అంటే, తింటావా అనేది సరిగ్గా పలకలేదు అనుకొనిరి. మన తెలుగు తెలుగే గాదంట. ఏమని చెప్పేది నేను? ఇంత దూరం పోయి, సిగ్గుతో తల దించుకొని నిలిచి ఉండాను. ఆయన గూడు అని చెప్పంగానే అందరూ ఆహా అనిరి. సరే అంటిని."

"వాళ్ళు నవ్విరని నువ్వు మా అమ్మను అమ్మేసి వస్తివా?"

"అమ్మేది ఏముండాది అక్కా? జనాలు ఏడుస్తుండారు ఆ పాట విని. పాత పాట విని ఎవురు ఏడ్చిరి?"

"ఎవురూ ఏడవకూడదనే అది అట్ల ఉండె!" ఇందుజ అరుపుకు కింద కొట్టులో సుత్తి దెబ్బ కూడా ఆగింది. "తినినావా అని అడిగేదానికీ, వచ్చేయ్ అని బతిమాలేదానికీ తేడా తెలవని నువ్వు ఏమి పాటగాడివిరా? మా ఇంట్లో తింటివి గదా. మా అమ్మ ఎవుర్నైనా బతిమాలేది ఒక్క నాడైనా చూస్తివా?"

విమల్ పక్కన పెట్టిన గిటారు మళ్ళీ చేతికి తీసుకుని, శనివారం షోలో పాత మాటే పాడతానన్నాడు. అమరావతి అత్త గొంతు రికార్డు కూడా వేయిస్తానన్నాడు. ఒట్టు పెట్టమంటే ఒట్టు పెట్టాడు. ఇందుజ మెట్లు దిగుతూ, వీడికింకా సిగ్గు మిగిలే ఉందని కొంచెం తెరిపిన పడింది.

శనివారం సాయంత్రం కాలేజీ మైదానం ఇసుక వేస్తే రాలనంతగా నిండింది. ఎక్కడెక్కడినుంచో వచ్చారు, హైదరాబాదు నుంచి కూడా వచ్చారు. శరవణకుమార్ బ్యాండు పేరున్న పట్టీ మెడకు చుట్టుకుని మొదటి వరుసలోనే ఉన్నాడు. తాను పొగిడిన పెద్ద ఆలోచన ఒక్క అక్షరం తెచ్చిన పొరబాటని జెబరాజ్ విడమరచి చెప్పినా అతను చలించలేదు. తప్పు కూడా కళేనని, తప్పులోంచి ఇంత అందం పుట్టిందంటే అది విమల్ గొప్పతనమేనని వాదించాడు. ఇందుజ అతన్ని తిట్టడానికి కూడా విసుగుపడి పక్కకు జరిగింది.

మొదటి గంట బాగా జరిగింది. ఆమె ఎప్పటిలాగే గొంతు పోయేలా అరిచింది. అప్పుడు లైట్లు నీలమయ్యాయి. వయొలిన్లు లేవు, ఉత్త గిటారు. విమల్ ఆమె నిలబడ్డ వైపు చూశాడు. మాట నిలబెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, పాత రొదలోనే, పాత మాటే అందుకున్నాడు.

కూడు తిం...

మిగతాది వినబడలేదు. మైదానం మొత్తం, వేల గొంతులు ఒక్కటై, "గూటికి రావా, నా దొరా" అని ఎత్తుకుంది. విమల్ ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ "కూడు" అన్నాడు, మళ్ళీ జనం "గూటికి" అన్నారు. మూడోసారి అతను నవ్వాడు. నవ్వి, మైకు తీసి జనం వైపు తిప్పాడు. జనం వెర్రెత్తిపోయారు. అమరావతి గొంతు ఎక్కడో స్పీకర్లలో వచ్చే ఉంటుంది. అది ఎవరి చెవినా పడలేదు.

"కూడు! కూడురా! కూడు!" ఇందుజ పిడికిళ్ళు బిగించి అరిచింది.

ముందు నిలబడ్డ హైదరాబాదు కుర్రాడు వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "ఫుడ్ స్టాల్స్ అటు ఉన్నాయి ఆంటీ," అన్నాడు.

ఆమె వాణ్ణి కొట్టలేదు. అది ఆ షోలో జరిగిన అద్భుతాల్లో ఒకటి. పక్కకు చూస్తే జెబరాజ్, తల్లితోడుగా ఆమె పక్షమని చెప్పి వచ్చిన జెబరాజ్, కళ్ళు అరమోడ్చి "నా దొరా" అని పెదవులు కదుపుతున్నాడు. ఆమె చూపు తగిలి నోరు మూసుకున్నాడు. దారి పొడుగునా ఆమె అతనితో మాట్లాడలేదు.

మర్నాడు ఆదివారం. అమరావతి చర్చి నుంచి వచ్చి వాకిట్లో కూర్చుని మునక్కాయలు గీస్తోంది. ఇందుజ లోపల బియ్యం కడుగుతోంది. బయట ఎవరో దగ్గారు. "అమ్రావతీ" అని ఒక గొంతు వినబడింది. ఆ పేరును అలా నమిలి పిలిచేవాడు ఒక్కడే. ఇందుజ చేతులు తుడుచుకోకుండానే బయటికి వచ్చింది.

ఆరోగ్యసామి. జుట్టంతా నెరిసింది, చొక్కా భుజాల మీద వేలాడుతోంది, చేతిలో జిప్పు సంచి. మనిషి సగమయ్యాడు కానీ ఆ నవ్వు మాత్రం అలాగే ఉంది, ఏం చేసినా చెల్లుతుందనుకునే నవ్వు. నాలుగో ఇంటి గడపలో పొన్ను గుడ్లప్పగించి చూస్తోంది.

"వచ్చేస్తిని," అన్నాడు ఆరోగ్యసామి. "పిలిస్తివి గదా, వచ్చేస్తిని."

"ఎవురు పిలిచిరి?" అంది అమరావతి.

"నువ్వే. ఆండిపట్టి బస్టాండులో టీకొట్టులో అదే పాట. నా పేరు ఎత్తలేదు, అయినా నాకు తెలవదా? విమల్ నీ మాటే గదా పాట చేసింది. నాకే సిగ్గాయె, ఇన్నేండ్లకు ఆమే దిగి వచ్చి పిలుస్తుంటే ఇంక నేను ఎట్ల ఉండేది అని..." సంచి గడప పక్కన పెట్టాడు. "ఆడ ఇంక నాకు తావు లేదులే. ఆమె కొడుకులు పెద్దోళ్ళయిరి."

అమరావతి కత్తిపీట పక్కకు పెట్టి కూతురి వైపు చూసింది. "ఏమి పాటే?"

ఇన్నాళ్ళూ ఏది జరగకూడదని ఇందుజ ప్రాణం మీదికి తెచ్చుకుందో అది సంచి పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది. ఆమె తండ్రితో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను తీసి విమల్‌కు కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"అక్కా, కోపం తగ్గెనా? నిన్న నేను పాడితిని గదక్కా, జనాలే..."

"నోరు మూసి నేను అడిగేదానికి జవాబు చెప్పు. మా నాయన వాకిట్లో నిలిచి ఉండాడు. పాట విని వచ్చినాడంట. మా అమ్మ ఆయన్ని రమ్మని ఎప్పుడైనా అనెనా?"

"మామ వచ్చెనా? అక్కా, అది..."

"చెప్పరా!"

"లేదు," అన్నాడు విమల్.

"గట్టిగా చెప్పు. లైనంతా వినల్ల."

"లేదు మామా. అత్త నిన్ను రమ్మనలే. కూడు తింటివా అని మాత్రమే అడిగింది. నేను అరవంలో రాస్తే వాళ్ళు గూడు అని చదివిరి. గూడు అనేదీ, రావా అనేదీ, దొర అనేదీ ఏదీ అత్తది గాదు. తప్పు నాది."

ఆరోగ్యసామి నవ్వు మాయమైంది. ఫోను వైపు, కూతురి వైపు, చివరికి భార్య వైపు చూశాడు. మళ్ళీ నవ్వు తెచ్చుకున్నాడు.

"తప్పో ఒప్పో, వచ్చేస్తిని గదా అమ్రావతీ. దేవుడే అట్ల రాయించినాడు అనుకో."

అమరావతి లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు. ఆ లైనులో గొంతు పెంచాల్సిన అవసరమూ లేదు.

"రమ్మనాలంటే నాకు నోరు లేకనా?" అంది. "ఇన్నేండ్లు ఫోను నా చేతిలోనే ఉండె. ఒక్క మాట. రా అంటే వస్తివేమో. నేను అనలే. మరచిపోయి గాదు, తెలవక గాదు. అనకూడదు అనుకొని అనలే. దేవుని మీద వేయొద్దు. సంచి ఎత్తుకో."

అతను ఎవరైనా ఏదైనా అంటారేమోనని పొన్ను వైపు కూడా చూశాడు. పొన్ను జీవితంలో మొదటిసారి మాట లేకుండా లోపలికి పోయింది. అతను సంచి ఎత్తుకున్నాడు. లైను చివర మలుపు తిరిగేదాకా అమరావతి చూస్తూనే ఉంది. తరువాత కూర్చుని మునక్కాయ అందుకుంది. గీసిన కాయనే ఆమె మళ్ళీ గీయడం ఇందుజ చూసింది. చూసి, దానికి కారణమైన ప్రతి ఒక్కణ్ణీ, మైదానంలో పాడిన వేలమందినీ, ఒక్కొక్కణ్ణి పట్టుకుని చెంప పగలగొట్టాలనిపించింది.

"అక్కా," అని వినబడింది.

ఫోను ఇంకా కలిసే ఉంది.

"అక్కా, అత్త ఇప్పుడు చెప్పె చూడు... రమ్మనాలంటే నాకు నోరు లేకనా అని..." విమల్ గొంతు తడిగా ఉంది. నిజంగానే ఏడ్చినట్టున్నాడు. "ఎంత గొప్ప మాట అక్కా అది. నాకు ఒళ్ళంతా జలదరించె. అత్తను ఇంకొక్కసారి చెప్పమంటావా? ఈ తూరి తప్పు రాకుండా నేను రికార్డు..."

ఇందుజ తనకు తెలిసిన తిట్లన్నీ ఒక్కసారిగా అందుకోబోయింది. అమరావతి చేయి చాపింది. ఇందుజ ఫోను ఇచ్చింది.

"విమలూ," అంది అమరావతి. "ఇది పాట గాదురా. నా బతుకు. ఫోను పెట్టు."

ఆ ఫోను ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఆమెకు తెలియదు. ఇందుజ నొక్కింది.